టాప్ తీసిన కారులో బేస్: వాట్లు తీర్చలేని లోటు

కన్వర్టిబుల్ కారు టాప్ మడవగానే పాటలో ముందుగా చిక్కిపోయేది బేస్. గొంతు వినిపిస్తూనే ఉంటుంది, వయొలిన్లు వినిపిస్తూనే ఉంటాయి. పాటను కింద నుంచి మోసే డ్రమ్ము, బేస్ గిటారు మాత్రం పల్చబడిపోతాయి. ఈ లోటుకు కారు ఆడియో దుకాణాల్లోనూ, కార్ల మోజున్న కుర్రకారులోనూ చలామణిలో ఉన్న మందు ఒక్కటే: డిక్కీలో ఇంకా పెద్ద సబ్‌వూఫర్, దాని వెనక ఇంకా ఎక్కువ వాట్ల యాంప్లిఫయర్. దానికి తోకగా మరో మాట వినిపిస్తుంది. టాప్ లేని కారులో మంచి బేస్ కావాలంటే వీధి వీధంతా వినక తప్పదని, ఇరుగుపొరుగు గురించి ఆలోచించేవాళ్లు బేస్ మీద ఆశ వదులుకోవాలని. ఈ రెండు మాటలూ తప్పే. మొదటిది ధ్వనిశాస్త్రానికి ఎదురు నడుస్తుంది, రెండోది ఆ తప్పునే పునాది చేసుకుని నిలబడింది. టాప్ తీసిన కారులో వినసొంపైన బేస్ రాబట్టే పద్ధతులు, వీధిలోకి బేస్‌ను తక్కువగా వదిలే పద్ధతులు చాలా వరకు ఒక్కటే.

పోయినదేమిటో ముందు తెలియాలి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 50 హెర్ట్జ్ స్వరానికి తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, 40 హెర్ట్జ్‌కు 8.6 మీటర్లు. కారు క్యాబిన్ పొడవు రెండున్నర, మూడు మీటర్లకు మించదు. తరంగంలో సగం కూడా పట్టని చోట శబ్దం అలలా పరుగెత్తదు. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడల్లా లోపలి గాలి మొత్తం ఒక్కసారిగా నొక్కుకుంటుంది, వెనక్కి వెళ్లినప్పుడల్లా సడలుతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి కొడితే చేతికి తగిలే బిగువు లాంటిదే ఇది. దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. గాలి చొరబడని గట్టి పెట్టెలో, 60 హెర్ట్జ్ ప్రాంతం నుంచి స్వరం సగానికి దిగితే ఇది 12 డెసిబెల్స్ దాకా కలుపుతుంది. నిజమైన కారులో తలుపు రేకులు ఊగుతాయి, సందుల్లోంచి గాలి జారిపోతుంది కాబట్టి అంత రాదు. అయినా వచ్చింది చిన్న సాయం కాదు. కారులో బేస్ అదిరిందని మెచ్చుకునేవాళ్లు చాలాసార్లు, తమకు తెలియకుండానే, ఆ మూసి ఉన్న గాలిని మెచ్చుకుంటుంటారు. టాప్ తీయగానే నొక్కుకోవడానికి గాలి మూసి ఉండదు. స్పీకరు చెడిపోలేదు, యాంప్లిఫయర్ బలహీనపడలేదు. వాటికి దన్నుగా నిలిచిన గది పోయింది.

ఆ దన్నును వాట్లతో కొనవచ్చునన్నదే ఖండించవలసిన మొదటి నమ్మకం. పోయింది 12 డెసిబెల్స్ అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 12 పెరగాలంటే నాలుగుసార్లు రెట్టించాలి, అంటే 16 రెట్లు. మూసిన కారులో 100 వాట్లు ఇచ్చిన బేస్‌కు తెరిచిన కారులో 1600 వాట్లు పోయాలి. క్లాస్-డి యాంప్లిఫయర్ నూటికి 80 పాళ్ల సామర్థ్యంతో పనిచేసినా బండి నుంచి 2000 వాట్లు లాగుతుంది. 14 వోల్టుల దగ్గర అది 140 ఆంపియర్లకు పైమాట. చిన్న స్పోర్ట్స్ కారు ఆల్టర్నేటర్ మొత్తం బండికి ఇవ్వగలిగేది ఇంచుమించు 100 ఆంపియర్లు. పాటలో బేస్ ఎడతెగకుండా మోగదు, సగటు వాడకం తక్కువే, నిజమే. కానీ దెబ్బ పడ్డ ప్రతిసారీ వోల్టేజి కుంగుతుంది, హెడ్‌లైట్లు మినుకుమంటాయి, సరిగ్గా బలం కావలసిన క్షణంలోనే యాంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది. పైగా వాయిస్ కాయిల్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, పోసిన వాట్లన్నీ శబ్దంగా మారవు. కోను పడే శ్రమ ఇంకా పెద్దది. 12 డెసిబెల్స్ కోసం అది ముందూ వెనకలకు నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగి అదే బలం నిలబెట్టాలన్నా మరో నాలుగు రెట్లు. ఏ కోనుకైనా కదలికకు హద్దుంది. ఆ హద్దు దాటాక వచ్చేది బేస్ కాదు, గరగర.

ఇంత ఖర్చు పెట్టి పుట్టించిన శబ్దం ఎక్కడికి పోతుందో అడిగేవాళ్లు తక్కువ. కన్వర్టిబుల్‌లో డిక్కీ సంగతి మిగతా కార్ల లాంటిది కాదు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకే గాలిని పంచుకుంటాయి. సెడాన్‌లోనైనా వెనక సీటు మీదుగా, పార్సిల్ షెల్ఫ్ మీదుగా శబ్దానికి దారి దొరుకుతుంది. చాలా కన్వర్టిబుల్స్‌లో సీట్ల వెనక మడిచిన టాప్ దాగే అర ఉంటుంది. పైకప్పు లేని బాడీకి బిగువు కోసం అడ్డంగా ఉక్కు పలక కూడా ఉంటుంది. డిక్కీలో పెట్టిన సబ్‌వూఫర్‌కు డ్రైవరు చెవి కంటే వీధే దగ్గరి దారి. డిక్కీ మూత పల్చటి రేకు, 50 హెర్ట్జ్ శబ్దాన్ని అది ఆపలేదు. ఆపకపోగా తానూ దడదడలాడుతూ కొత్త చప్పుడు జోడిస్తుంది. సీటులో కూర్చున్నవాళ్లకు బేస్ చాలక వాల్యూమ్ పెంచుతారు. పెరిగినదాంట్లో ఎక్కువ వాటా వెనక నడిచేవాళ్లకు ముడుతుంది. టాప్ తీసిన కారుకు ఇంతకంటే పొరపాటైన చోటు లేదు, దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేదీ ఈ అమరికే.

సరైన జవాబు దూరంలో ఉంది. ఆరుబయట, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మూసిన గదిలో ఈ సూత్రం సరిగా పనిచేయదు. టాప్ తీసిన కారు ఆరుబయటకు బాగా దగ్గర కాబట్టి అక్కడ బాగానే పనిచేస్తుంది. డిక్కీలోని సబ్‌వూఫర్ డ్రైవరు చెవికి 1.6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దాన్నే సీటు వెనకకు తెచ్చి 0.4 మీటర్ల దూరంలో పెడితే దూరం రెండుసార్లు సగమైంది. చెవికి 12 డెసిబెల్స్ కలిశాయి. పైన 16 రెట్ల వాట్లు పోసి తెచ్చుకోవాలనుకున్నదీ ఇంతే. ఇక్కడ ఒక్క వాటు పెరగలేదు. కారు పక్కల ఉన్న అద్దాలు, సీట్లు, నేల ఈ అంకెలను కాస్త అటూ ఇటూ చేస్తాయి కానీ దిశను మార్చవు.

ఇప్పుడు అదే లెక్కను వీధి వైపు నుంచి చూడాలి. 13 మీటర్ల దూరంలో ఒక ఇల్లుంది. డ్రైవరు చెవి దగ్గర 90 డెసిబెల్స్ బేస్ కావాలి. సబ్‌వూఫర్ 0.4 మీటర్ల దూరంలో ఉంటే ఆ ఇంటి గోడ దాకా చేరేసరికి 30 డెసిబెల్స్ పోయి 60 మిగులుతుంది. 1.6 మీటర్ల దూరంలో ఉంటే పోయేది 18 మాత్రమే, మిగిలేది 72. డ్రైవరు వినేది రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఇంట్లోవాళ్లు వినేది ఒకటి కాదు. మంచి బేస్‌కూ మర్యాదకూ పొత్తు కుదరదన్న వాదం ఈ ఒక్క లెక్క ముందు నిలవదు. దగ్గరగా పెట్టిన చిన్న స్పీకరు తన యజమానికి ఎక్కువ ఇస్తుంది, పొరుగువాళ్లకు తక్కువ పంపుతుంది.

ఈ దగ్గరితనం కొత్త సంగతి కూడా కాదు. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లోనే సీటు హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు పెట్టిన రకాలు ఉన్నాయి. ఇప్పటి తరంలో బోస్ అమర్చే తొమ్మిది స్పీకర్ల వ్యవస్థలో ఒక్కో హెడ్‌రెస్ట్‌లో రెండేసి ఉంటాయి. జీప్ రాంగ్లర్‌లో తల మీదుగా పోయే కడ్డీకి సౌండ్‌బార్ బిగిస్తారు. ఇవి చిన్న స్పీకర్లు, లోతైన బేస్ వాటి పని కాదు. అయినా కప్పు లేని కారు తయారుచేసేవాళ్లు వాట్లకంటే ముందు దూరం గురించి ఆలోచించారన్నది వాటిలో కనిపిస్తుంది. బేస్ విషయంలో ఇదే పని సీటు కింద పట్టే పల్చటి సబ్‌వూఫర్, కాళ్ల దగ్గర మూలలో బిగించేది, రెండు సీట్ల మధ్య వెనకగా నిలబెట్టేది చేస్తాయి. కాళ్ల దగ్గర మూలకు అదనపు లాభం ఉంది: నేల, పక్కగోడ, డ్యాష్‌బోర్డు కింది పలక శబ్దాన్ని లోపలికే తిప్పి పంపుతాయి.

ఇంకో పరికరాన్ని మన దగ్గర చాలామంది పట్టించుకోరు. సీటు అడుగున బిగించే షేకర్ గాలిని కాక సీటునే ఊపుతుంది. 50 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ బేస్‌ను చెవి వినడం తగ్గి ఒళ్లు తెలుసుకోవడం పెరుగుతుంది. గుండెల్లో గుద్దినట్టుందని జనం అనేది దాన్నే. సబ్‌వూఫర్ సిగ్నల్‌ను 60, 70 హెర్ట్జ్ పైన కోసి షేకర్‌కు ఇస్తే, తెరిచిన కారులో గాలి ద్వారా ఎన్ని వాట్లు పోసినా రాని ఆ తాకిడి కొద్ది వాట్లతో వీపుకు అందుతుంది. బయటికి పోయేది దాదాపు ఏమీ ఉండదు. వీధి మీద గౌరవం ఉన్న కన్వర్టిబుల్ యజమాని ముందుగా కొనవలసిన వస్తువు ఇదే.

చిన్న స్పీకరు 30 హెర్ట్జ్ పలకలేదు కదా అన్నది పెద్ద వూఫర్ వాదుల గట్టి అభ్యంతరం. పలకలేదు, ఒప్పుకోవలసిందే. టాప్ తీసిన కారులో 40 హెర్ట్జ్ కింద గాలిలో నిండైన బేస్ ఆశించకూడదు. కానీ పాటలో ఉన్నదేమిటో చూడాలి. నాలుగు తీగల బేస్ గిటారు అడుగు స్వరం 41 హెర్ట్జ్. కిక్ డ్రమ్ దెబ్బ బలం ఎక్కువగా 50 నుంచి 100 మధ్యలో ఉంటుంది. పాటను నడిపించేదీ, కాలు ఆడించేదీ ఈ పట్టీయే. అంతకంటే కింది స్వరం అందకపోయినా దాని పైన వరుసగా ఉండే అనుస్వరాలు వినిపిస్తే మెదడు ఆ అడుగును తానే పూరించుకుంటుంది. పాత టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. మగ గొంతు మూలస్వరం ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. అయినా ఫోనులో తండ్రి గొంతును ఎవరూ పిల్లల గొంతనుకోలేదు. అందువల్ల టాప్ తీసిన కారుకు ఈక్వలైజర్ సర్దుబాటు రివాజుకు ఎదురుగా ఉండాలి. 40 హెర్ట్జ్ కింద కోసేయాలి. కోను వృథాగా ఊగడం ఆగి ఆ కదలిక పై స్వరాలకు మిగులుతుంది. 60 నుంచి 100 మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ పెంచాలి. 30 దగ్గర ఎత్తిన ‘బేస్ బూస్ట్’ తెరిచిన కారులో కోనును అలసగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. టాప్ వేసుకున్నప్పుడు క్యాబిన్ గెయిన్ తిరిగి వస్తుంది కాబట్టి దానికి వేరే సెట్టింగ్ ఉండాలి. రెంటికీ ఒకటే వాడితే ఒకచోట చప్పన, మరోచోట బుడబుడ.

బేస్‌ను మింగేది క్యాబిన్ గెయిన్ లోపం ఒక్కటే కాదు. గాలి హోరు కూడా. విండ్‌షీల్డ్ మీదుగా వచ్చి సీట్ల వెనక సుడి తిరిగే గాలి చప్పుడులో ఎక్కువ బలం కింది స్వరాల్లోనే ఉంటుంది, కనుక అది ముందుగా కప్పేసేది బేస్‌నే. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటితే టాప్ తీసిన కారులో చెవి దగ్గర హోరు 85 డెసిబెల్స్ మించడం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగమవుతుంది. హోరును మించి వినిపించాలని పాటను 95కు, 98కి ఎత్తేవాళ్లు కొంటున్నది బేస్ కాదు, చెవుడు. సీట్ల వెనక జాలీ విండ్ డిఫ్లెక్టర్ నిలబెట్టి, పక్క అద్దాలు ఎత్తితే సుడిగాలి చాలా తగ్గుతుంది. హోరు తగ్గిన ప్రతి డెసిబెల్, బేస్ పెరిగిన డెసిబెల్‌తో సమానం. అందుకు అయ్యే ఖర్చు యాంప్లిఫయర్ ఖర్చులో చిన్న భాగం. హైవే వేగంలో బేస్ వినాలన్న పట్టుదల మాత్రం, ఏ పద్ధతిలోనైనా, చెవికి మంచిది కాదు.

కొత్త పరికరం ఏదీ కొనకముందు చేయవలసిన పని తలుపుల్లో ఉంది. తలుపులోని స్పీకరు కోను ముందుకు తోసిన గాలి, వెనక నుంచి వచ్చే గాలితో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లోపలి పలకకు ఉన్న పెద్ద కంతలు మూసి, రేకుకు డ్యాంపింగ్ షీట్ అంటించి, స్పీకరు చుట్టూ ఫోమ్ పట్టీ వేస్తే ఉన్న స్పీకర్లలోంచే కొత్త బేస్ వస్తుంది. తలుపు అడుగున వాన నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు. టాప్ తీసే కారులో నీరు నిలిస్తే రేకు తుప్పు పడుతుంది. తర్వాత సబ్‌వూఫర్ వైర్ల ప్లస్, మైనస్ ఒకసారి తిప్పి చూడాలి. 80 హెర్ట్జ్ దగ్గర తలుపు స్పీకర్లు ఒకవైపు, సబ్‌వూఫర్ మరోవైపు లాగుతుంటే అక్కడ బేస్ గుంట పడుతుంది. ఆ గుంటను వాట్లతో నింపాలని చూసినవాళ్లు ఎందరో.

ఇక వీధి సంగతి. మీటరు పెట్టి కొలిచాం, చట్టం చెప్పిన హద్దులోనే ఉందని కొందరు వాదిస్తారు. భారతదేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు. ఈ అంకెలు ఎ-వెయిటింగ్ కొలతలో ఉంటాయి. ఆ కొలత 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. 80 డెసిబెల్స్ బలంతో కిటికీ అద్దం దడదడలాడించే స్వరం మీటరు మీద 50గా కనబడుతుంది. మీటరు అబద్ధమాడలేదు, బేస్‌ను కొలవడానికి దాన్ని చేయలేదు. ఆ అంకెను చూపించి పొరుగువాడి ఫిర్యాదును కొట్టిపారేయడం న్యాయం కాదు.

గోడలు కూడా బేస్ పక్షమే. పలకలాంటి గోడ ఆపగలిగే శబ్దం, స్వరం సగానికి దిగిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. వెయ్యి హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను గోడ ఆపేది, సిద్ధాంతం ప్రకారం, సుమారు 26 డెసిబెల్స్ తక్కువ. పాటలోని మాట, రాగం గోడ బయటే ఆగిపోతాయి. లోపలికి చేరేది ధబ్‌ధబ్ ఒక్కటే. మూడున్నర మీటర్ల పడకగదికి సహజంగా ఊగే స్వరం సుమారు 49 హెర్ట్జ్. లోపలికి వచ్చిన దెబ్బను ఆ గది తగ్గించకపోగా పెంచవచ్చు. పైగా కింది స్వరాల దగ్గర చెవికి వినిపించే అంచుకూ బాధపెట్టే స్థాయికీ మధ్య ఎడం తక్కువ. 12 డెసిబెల్స్ తేడా 50 హెర్ట్జ్ దగ్గర, మధ్య స్వరాల్లో అంతకంటే బాగా పెద్ద తేడా అంతగా తోస్తుంది. సబ్‌వూఫర్‌ను డిక్కీ నుంచి సీటు వెనకకు తేవడం పొరుగింటికి ఎంత ఉపశమనమో ఇందువల్ల తెలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ విషయానికి మరో బరువు ఉంది. ఇక్కడి ఎండలో పగలు ఎవరూ టాప్ తీయరు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదైనా, విశాఖ బీచ్ రోడ్డు మీదైనా మినీ కన్వర్టిబుల్, థార్ గుడ్డ టాప్ తెరుచుకునేది చీకటి పడ్డాక, లేదా తెల్లవారకముందు. సరిగ్గా అదే సమయానికి ఊరు నిద్రపోతుంటుంది, కిటికీలు తెరిచి ఉంటాయి, నియమాల హద్దు కూడా 55 నుంచి 45కు దిగుతుంది. ట్రాఫిక్ హోరు తగ్గుతుంది కాబట్టి పగలు కలిసిపోయే బేస్ రాత్రి ఒంటరిగా వినబడుతుంది. కారు ఒక్క క్షణంలో దాటిపోతుంది కదా అనే వాదం నడిపేవాడి లెక్క. రోడ్డు పక్క ఇంట్లో పసిబిడ్డను నిద్రపుచ్చే తల్లికి అది ఒక్క కారు కాదు, ఒకదాని తర్వాత ఒకటి. సిగ్నల్ దగ్గర కారు క్షణంలో దాటిపోదు కూడా. అప్పుడు గాలి హోరు ఉండదు, అవసరం లేని వాల్యూమ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. వేగాన్ని బట్టి శబ్దాన్ని తానే తగ్గించుకునే ఏర్పాటు చాలా స్టీరియోల్లో ఉంది, దాన్ని ఆపి ఉంచకపోతే చాలు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో సబ్‌వూఫర్ లెవెల్‌ను సున్నా చేయడం మర్యాద.

అమెరికాలో కాలిఫోర్నియా వాహన చట్టం మీటరు జోలికి పోకుండా, కారు సౌండ్ 50 అడుగుల అవతలికి వినబడకూడదంటుంది. తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న బే ఏరియాకూ ఇదే వర్తిస్తుంది. ఈ కొలతకు చెవి చాలు కాబట్టి ఎవరైనా పాటించవచ్చు. రాత్రి ఖాళీ స్థలంలో కారు ఆపి, టాప్ తీసి, మామూలుగా వినే వాల్యూమ్ పెట్టి 15 మీటర్లు నడిచి వెళ్లి వినాలి. అక్కడ బేస్ వినిపిస్తే సబ్‌వూఫర్ లెవెల్ ఒక్కో డెసిబెల్ తగ్గిస్తూ, ఆ తగ్గింపును షేకర్‌తో భర్తీ చేస్తూ మళ్లీ వినాలి. బేస్ వినబడని స్థాయి తేలాక దాన్ని స్టీరియో మెమరీలో రాత్రి సెట్టింగ్‌గా భద్రం చేసి, ఇళ్ల మధ్యకు వచ్చినప్పుడు అదే వాడాలి.